అధికారి ఎవరు? ప్రయోజనమేమి? – ఉన్నతవిద్యా సంస్కరణలపై ఒక విచారణ

మన దేశంలోని విశ్వవిద్యాలయాలకు ప్రమాణాలు నిర్ణయించే యూజీసీ అధికార ముద్రికను శ్రద్ధగా పరిశీలించినవారికి అందులో ఒక చిన్న సంస్కృత పదబంధం గోచరిస్తుంది. జ్ఞానమూ విజ్ఞానమూ విముక్తి కొరకే అని దాని తాత్పర్యం. 1956లో చట్టబద్ధత పొందిన ఒక ప్రభుత్వ సంస్థ ముముక్షువుల మాటను తన ముద్రికగా స్వీకరించడం సామాన్య విషయం కాదు. అయితే ఆ సంస్థ వెలువరించే ఉత్తరువులలో నిధులు, క్రెడిట్లు, ర్యాంకులు, ఉపాధి అవకాశాలు ప్రస్తావనకు వచ్చినంతగా విముక్తి ప్రస్తావనకు రాదు. ఇందులో నిందించవలసినది ఏమీ లేదు. ప్రభుత్వం మోక్షమార్గాన్ని ఉపదేశించవలెనని ఎవరూ కోరలేరు. కానీ ఆ మాటను నిత్యం పారాయణంలో ఉచ్చరించే మనవంటి ఆస్తికులకు ఉన్నతవిద్యా సంస్కరణలతో ఏ సంబంధమూ లేదని భావించడం మాత్రం పొరపాటు.

"అది లౌకిక విషయం, మనకెందుకు?" అనే ప్రశ్న సత్సంగాలలో తరచు వినబడుతున్నది. ముండకోపనిషత్తు విద్యను పర, అపర అని రెండుగా విభజించిన మాట నిజమే. కానీ ఆ రెండింటినీ తెలియవలసినవిగానే చెప్పినది గాని, అపరవిద్యను త్యజించమని ఆదేశించలేదు. పైగా ఆ ప్రశ్న అడిగే పెద్దల మనుమలు, మనుమరాండ్రు అదే సమయంలో ఏదో ఒక కళాశాలలో సీటు కొరకు కౌన్సెలింగ్ వరుసలో నిలబడి ఉంటారు. వారి యౌవనంలోని ఉత్తమమైన నాలుగు సంవత్సరాలు ఏ విధంగా వ్యయం కావలెనో నిర్ణయించే విధానం మనకు పరాయిది ఎట్లా అవుతుంది?

స్వాతంత్ర్యానంతరం విద్యపై జాతీయ విధానాలు 1968లోను, 1986లోను, 2020లోను వచ్చినవి. మూడవదానిని 2020 జులై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది. శాస్త్రవేత్త కస్తూరిరంగన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దాని ముసాయిదాను రూపొందించినది. ఉన్నతవిద్య విషయంలో ఆ పత్రం చేసిన వాగ్దానాలన్నీ మూడు మాటలలో ఇమిడిపోతాయి: అందరికీ ప్రవేశం, ఉత్తమ ప్రమాణం, జీవితంతో అన్వయం. శాస్త్రగ్రంథ పరిచయం ఉన్నవారికి ఇవి క్రొత్త మాటలు కావు. ఏ ప్రకరణ గ్రంథమైనా ఆరంభంలోనే అనుబంధ చతుష్టయాన్ని నిరూపిస్తుంది. ఈ శాస్త్రానికి అధికారి ఎవరు, విషయమేది, వాటి సంబంధమేది, ప్రయోజనమేది అని. ఈ నాలుగింటికీ సమాధానం చెప్పని గ్రంథాన్ని మన పూర్వులు చేతబట్టేవారు కాదు. అదే గీటురాయిపై ఈ సంస్కరణలను కూడ పరీక్షించడం న్యాయం.

ముందుగా అధికారి. కేంద్రప్రభుత్వపు ఉన్నతవిద్యా సర్వేక్షణ ప్రకారం 2021–22లో దేశంలో సుమారు 4.33 కోట్ల మంది ఉన్నతవిద్యలో నమోదై ఉన్నారు. 18 నుండి 23 సంవత్సరాల వయస్సుగల జనాభాతో పోల్చినప్పుడు ఇది 28.4 శాతం. షెడ్యూల్డు కులాలలో 25.9 శాతం, షెడ్యూల్డు తెగలలో 21.2 శాతం. స్త్రీల నిష్పత్తి 28.5, పురుషులది 28.3. గార్గీ మైత్రేయులను శతాబ్దాలుగా స్మరిస్తూ వచ్చిన దేశంలో స్త్రీలు విద్యాశాలల ద్వారాల వద్ద పురుషులను ఈషణ్మాత్రమైనా దాటడం సంతోషించదగిన విషయం. 2035 నాటికి మొత్తం నిష్పత్తిని 50 శాతానికి చేర్చవలెనని విధానం సంకల్పించినది. అంటే ఇప్పుడు ద్వారం వెలుపల నిలిచినవారిలో కోట్లాది మందిని లోపలికి తీసుకొనిరావలెను.

ఇక్కడ మన సంప్రదాయ చరిత్రను కూడ నిష్కపటంగా చూడవలసి ఉన్నది. వేదాంతం చెప్పే అధికారి లక్షణాలు వివేకం, వైరాగ్యం, శమాది షట్కసంపత్తి, ముముక్షుత్వం. వీటిలో ధనం లేదు. జన్మ ప్రస్తావన కూడ లేదు. తండ్రి ఎవరో తెలియదని తల్లి చెప్పిన మాటను దాచకుండా గురువు ఎదుట చెప్పినందుకే సత్యకామ జాబాలుడు ఉపనయనానికి అర్హుడైనాడు. ఇది ఛాందోగ్యోపనిషత్తు. అదే సమయంలో బ్రహ్మసూత్రాలలో అపశూద్రాధికరణం కూడ ఉన్నది. దానిని మనం దాచుకొనవలసిన అవసరం లేదు, దానికి తెరలు కప్పే వ్యాఖ్యానాలు కల్పించవలసిన అవసరమూ లేదు. వేదాధ్యయనంలో అధికారాన్ని నిరాకరించిన ఆ భాష్యంలోనే విదుర ధర్మవ్యాధుల జ్ఞానం అంగీకరింపబడినది. ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానాధికారం నాలుగు వర్ణాలకూ ఉన్నదని చెప్పబడినది. కానీ ఆచరణలో సమాజం నిరాకరణను దృఢంగా పట్టుకొని, అంగీకారాన్ని గ్రంథాలకే వదలివేసినది. కాబట్టి ప్రవేశ విస్తరణ గురించి ప్రభుత్వం మాట్లాడినప్పుడు మనలో కొందరు "అనర్హులు చేరి ప్రమాణాలు పడిపోతున్నాయి" అని నిట్టూర్చడం నాకు సమంజసంగా తోచదు. సత్యకాముని కథను ప్రవచనంలో విని కన్నీరు కార్చేవారు, వాని వంటి బాలుడు తమ ఊరి కళాశాలకు వచ్చినప్పుడు ముఖం త్రిప్పుకొనడం ఏ శ్రద్ధకు లక్షణం?

తెలుగునేలకు ఈ విషయంలో ఒక యోగ్యమైన చరిత్ర ఉన్నది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఈ నేలపైనే స్థాపితమైనది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో అది కొనసాగుతున్నది. పగలు శ్రమించి రాత్రి పాఠం చదివిన గృహిణులు, గుమాస్తాలు, బస్సు కండక్టర్లు దాని ద్వారా పట్టభద్రులైనారు. 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో సాంకేతిక విద్యాలయాలు వెలసినవి. సరస్వతీ క్షేత్రమైన బాసరలో అక్షరాభ్యాసం చేయించుకొనే శిశువులు ఒక వైపు, అదే ఊరిలో సాంకేతిక విద్య అభ్యసించే పల్లెల బిడ్డలు మరొక వైపు. విద్యాధిదేవతకు ఇంతకంటె తగిన నివేదన ఏముంటుంది?

ప్రవేశం అనగానే మనం మరచే మరొక వర్గం ఉన్నది: వేదపాఠశాలల బాలురు. ఏడెనిమిది సంవత్సరాలు గురుకులవాసం చేసి సంహితను కంఠస్థం చేసినవాడు నిన్న మొన్నటి వరకు ప్రభుత్వం దృష్టిలో పదవ తరగతి కూడ ఉత్తీర్ణుడు కానివాడు. ఉజ్జయినిలోని మహర్షి సాందీపని సంస్థ పరిధిలో ఏర్పడిన బోర్డు నిర్వహించే వేదభూషణ, వేదవిభూషణ పరీక్షలను పదవ, పన్నెండవ తరగతులతో సమానంగా గుర్తించడంతో ఆ గోడలో ఒక ద్వారం తెరుచుకొన్నది. ఈ వార్త మన పత్రికలలో చిన్న పెట్టెలో కూడ రాలేదు. మీకు తెలిసిన పాఠశాలలో పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసునో లేదో ఒకసారి విచారించండి.

సంస్కరణలలో అధికంగా చర్చింపబడుతున్నది నాలుగేండ్ల డిగ్రీ. మొదటి సంవత్సరం తరువాత మానితే సర్టిఫికేట్, రెండవ సంవత్సరం తరువాత డిప్లొమా, మూడవదాని తరువాత డిగ్రీ, నాలుగవది పూర్తిచేస్తే ఆనర్స్. సంపాదించిన క్రెడిట్లు ఒక బ్యాంకులో నిల్వ ఉంటాయి. ఏడు సంవత్సరాల లోపు తిరిగివచ్చి చదువు కొనసాగించవచ్చును. తండ్రి మరణించి చదువు మానినవానికి, వివాహానంతరం ఊరు మారిన యువతికి ఇది నిజమైన ఉపకారం. పూర్వం రెండు సంవత్సరాలు చదివి మానివేసినవాని చేతిలో ఏమీ మిగిలేది కాదు. అయినప్పటికీ నాకు ఒక సందేహం తీరలేదు. ఏ ద్వారం గుండా ఎవరు బయటకు వెళ్తారు? సంపన్నుని కుమారుడు నాలుగు సంవత్సరాలూ చదువుతాడు. కూలివాని కుమార్తె మొదటి సంవత్సరం ముగియగానే ఆ సర్టిఫికేట్‌తో ఇంటికి చేరుతుంది. చదువు మాన్పించడమనే దుఃఖానికి మనం ఒక గౌరవప్రదమైన పేరు పెట్టినట్లు కారాదు గదా! నిష్క్రమణ ద్వారాలు ఎన్ని తెరిచినారో, పునఃప్రవేశించినవారికి ఉపకార వేతనాలు, వసతిగృహాలు అంత సులభంగా లభించినప్పుడే ఈ విధానం ధర్మబద్ధమవుతుంది.

ఇక ప్రమాణం. ఈ విషయంలో నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఆచార్యుడు లేనిచోట ప్రమాణం అనే మాటకు అర్థం లేదు. తైత్తిరీయంలోని శీక్షావల్లిలో గురుకులం విడిచి వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశాన్ని అనేక విశ్వవిద్యాలయాలు స్నాతకోత్సవాలలో చదివిస్తాయి. అందులో నన్ను ఎల్లప్పుడూ ఆకర్షించేది ఒక వినయం: మాలోని సత్ప్రవర్తనను మాత్రమే అనుసరించు, తక్కినది వదలివేయి అని గురువు స్వయంగా చెప్పడం. పన్నెండేండ్లు శిష్యునితో ఒకే కప్పు క్రింద జీవించినవాడే ఆ మాట చెప్పగలడు. నేడు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో శాఖలకు శాఖలు అతిథి అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. పీరియడుకు ఇంత అని వేతనం పొంది, వచ్చే సంవత్సరం తాను ఉంటాడో లేదో తెలియనివాడు శిష్యునితో ఏ సంబంధాన్ని నిర్మించగలడు? అనుబంధ చతుష్టయంలోని 'సంబంధం' శాస్త్రపరిభాషలో వేరొక అర్థం గలది, నిజమే. కానీ మన విద్యాలయాలలో నేడు లోపించినది ఆ పదపు సామాన్యార్థమే.

దీనికి మూలకారణం ధనం. స్థూల జాతీయోత్పత్తిలో 6 శాతం విద్యకు వ్యయం చేయవలెనని 1964–66 నాటి కొఠారీ సంఘం సూచించినది. 1968 విధానం దానిని అంగీకరించినది, 1986 విధానం పునరుద్ఘాటించినది, 2020 విధానమూ అదే చెప్పినది. అర్ధశతాబ్దానికి పైగా ప్రతి ప్రభుత్వమూ చేస్తున్న ఈ సంకల్పం సంకల్పంగానే నిలిచి ఉన్నది. సంకల్పం చెప్పి పూజ చేయకుండా లేచిపోయే యజమానిని పురోహితుడు ఏమనవలెను? పరిశోధన కొరకు 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థను చట్టం ద్వారా స్థాపించి, అయిదేండ్లకు 50,000 కోట్ల రూపాయలు అంచనా వేసినారు. అది మంచిదే. కానీ పరిశోధకుడు కావలసినవానికి మొదట పాఠం చెప్పేవాడు ఉండవలెను.

ఈ వేదికను అనుసరించే పాఠకులకు మిక్కిలి ప్రియమైన విషయానికి ఇప్పుడు వస్తాను. భారతీయ జ్ఞానపరంపరను పాఠ్యప్రణాళికలో చేర్చడం. 2020లో ఏఐసీటీఈలో దీని కొరకు ఒక విభాగం ఏర్పడినది. 2023లో యూజీసీ వెలువరించిన మార్గదర్శకాలు మొత్తం క్రెడిట్లలో కనీసం 5 శాతం ఈ విషయాలలో అభ్యసించేట్లు విద్యార్థులను ప్రోత్సహించవలెనని సూచించినవి. 2020లోనే తిరుపతి సంస్కృత విద్యాపీఠం జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమై కేంద్రీయ స్థాయిని పొందినది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 2022 నుండి హిందూ అధ్యయనాలలో ఎం.ఏ. పాఠ్యక్రమం ఉన్నది. ఎంతోకాలం తరువాత మన శాస్త్రాలకు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆసనం లభించినదని అందరమూ ఆనందించినాము. నేనూ ఆనందించినాను. అయితే ఆనందంలో అప్రమత్తత కోల్పోరాదు.

నా భయం వ్యతిరేకుల గురించి కాదు, అనుకూలుర గురించి. విమానాలు మనమే కనిపెట్టినాము, శస్త్రచికిత్సలో ఇక తెలుసుకొనవలసినది ఏదీ లేదు అనే ధోరణిలో చెప్పే పాఠం విద్యార్థి మనస్సులో శాస్త్రంపై గౌరవాన్ని నిలపదు. మరుసటి రోజే అంతర్జాలంలో దానికి ఖండనం చూసి మొత్తం సంప్రదాయాన్నే త్రోసివేస్తాడు. దానికి బదులుగా సంగమగ్రామ మాధవుడు 14వ శతాబ్దంలో అనంతశ్రేణుల ద్వారా వృత్తపరిధిని ఎట్లా సాధించినాడో, యుక్తిభాషలో దానికి ఇచ్చిన ఉపపత్తి ఏమిటో నల్లబల్లపై వ్రాసి చూపండి. గణితవిద్యార్థి తానే తలవంచుతాడు. న్యాయదర్శనంలో వాద, జల్ప, వితండల భేదాన్ని బోధించండి. సత్యనిర్ణయం కొరకు మాట్లాడడానికి, గెలుపు కొరకు మాట్లాడడానికి మధ్య తేడా నేర్చుకొనని యువకుడు నేటి ప్రజాజీవితంలో ఎంత ప్రమాదకారియో చెప్పనక్కరలేదు. పూర్వపక్షాన్ని ప్రత్యర్థి కంటె బలంగా నిరూపించి, తరువాతనే సిద్ధాంతానికి రావడం మన భాష్యకారుల పద్ధతి. ఆ పద్ధతి ఒక్కటి నేర్పినా ఆ 5 శాతం సార్థకం.

అది ఎవరు నేర్పుతారు? ఇక్కడే అసలు చిక్కు. శాస్త్రంలో పరిశ్రమ చేసినవానికి పీహెచ్‌డీ ఉండదు. పీహెచ్‌డీ ఉన్నవానికి సాధారణంగా శాస్త్రం రాదు. 2022లో యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే ఏర్పాటు చేసినది. దాని ప్రకారం విశేష నైపుణ్యం గలవారిని సాంప్రదాయిక పట్టాలు లేకున్నప్పటికీ, మంజూరైన ఉద్యోగాలలో 10 శాతం మించకుండా, నియమించవచ్చును. పరిశ్రమల అధికారులను రప్పించడానికే దీనిని ప్రధానంగా తలుస్తున్నారు. కానీ ఇదే ద్వారం గుండా ఒక ఘనపాఠి, ఒక తర్కపండితుడు, ఆగమం తెలిసిన ఒక స్థపతి, ఒక సంప్రదాయ వైద్యుడు తరగతి గదిలోకి ఎందుకు రాకూడదు? వారిని పరీక్షించి ఎంపిక చేసే సంఘంలో వేరొక శాస్త్రవేత్త కూడ ఉండవచ్చును, ఉండవలెను కూడ. కషాయవస్త్రమో, నుదుటి తిలకమో అర్హత కారాదు.

ఇదంతా మతబోధ అవుతుందని ఆక్షేపించేవారు ఉన్నారు. వారి ఆక్షేపణను కూడ పూర్వపక్షంగా గౌరవించవలెను. రాజ్యాంగంలోని 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వధనంతో నడిచే సంస్థలలో మతబోధను నిషేధించినది. అయితే మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలియజేయడం వేరు అని 2002లో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టీకరించినది. అంతకంటె పూర్వమే, 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. అద్వైతాన్ని ప్రపంచానికి వివరించిన ఆ దార్శనికుడు అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. విద్యాసంస్థలలో ప్రతిదినం కొన్ని నిమిషాల మౌనధ్యానంతో పని ఆరంభించవలెనని, మొదటి సంవత్సరంలో వివిధ మతాల మహాపురుషుల జీవితాలు, రెండవ సంవత్సరంలో పవిత్రగ్రంథాలనుండి సార్వజనీనమైన భాగాలు, మూడవ సంవత్సరంలో మతతత్త్వంలోని మూలసమస్యలు చదివించవలెనని ఆ నివేదిక సూచించినది. ఎవరి విశ్వాసాన్నీ గాయపరచని ఆ క్రమం ఆచరణలో కనుమరుగైనది. క్రొత్త పాఠ్యప్రణాళికలు వ్రాసేవారు ఆ అధ్యాయాన్ని ఒకసారి తెరిచి చూస్తే తమ శ్రమ సగం తగ్గుతుంది.

మాతృభాష గురించి ఒక్క మాట. 2021–22 నుండి తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధించడానికి ఏఐసీటీఈ అనుమతించినది. 1918లో స్థాపితమైన ఉస్మానియాలో ఉర్దూ బోధనభాషగా ఉన్నత శాస్త్రాలు నేర్పినారు గనుక ఇది అసాధ్యమని అనలేము. ఉద్యోగం ఇచ్చేవాడు ఆంగ్లంలో ప్రశ్నిస్తున్నంతకాలం విద్యార్థి సంకోచించడం సహజం. పారిభాషిక పదాలకు సంస్కృతం అక్షయనిధి అని మనం సగర్వంగా చెబుతాము. కానీ ఆ నిధి నుండి తీసిన పదాలతో వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథం విద్యార్థికి ఆంగ్లం కంటె కఠినమైతే ఎవరికి లాభం? నావంటి రచయితలు ఈ ప్రశ్న తమకు తాము వేసుకొనడం కూడ మంచిది.

చివరిది ప్రయోజనం. చిలుకూరు బాలాజీ సన్నిధిలో 11 ప్రదక్షిణలు చేసి వీసా కొరకు ప్రార్థించే యువతీయువకులను చూసి పరిహసించేవారు ఉన్నారు. కోరిక తీరినపిమ్మట వచ్చి 108 ప్రదక్షిణలు చేస్తారు. నేను పరిహసించను. ఆర్తుడు, అర్థార్థి, జిజ్ఞాసువు, జ్ఞాని అనే నలుగురు భక్తులనూ భగవానుడు సుకృతులుగానే పరిగణించినాడు. అర్థం కూడ పురుషార్థమే. పట్టా చేతబట్టి ఉద్యోగం లేని కుమారుని ఇంట్లో చూసే తల్లికి వైరాగ్యం బోధించడం క్రూరత్వం. కాబట్టి పరిశ్రమలతో అనుసంధానం, నైపుణ్యశిక్షణ, అప్రెంటిస్‌షిప్ వంటి సంస్కరణలను నేను మనఃపూర్వకంగా స్వాగతిస్తాను.

కానీ అన్వయం అనే మాటకు ఉద్యోగం అనే ఒకే అర్థం స్థిరపడుతున్నది. అందరూ కంప్యూటర్ శాఖకే పరుగెత్తడం, సివిల్, మెకానికల్ శాఖలు బోసిపోవడం మన కళ్లయెదుటనే జరిగినది. ఛాందోగ్యంలో నారదుడు తాను అభ్యసించిన విద్యల పట్టికను సనత్కుమారునికి నివేదిస్తాడు. వేదేతిహాసాలు మొదలుకొని గణితం, తర్కం, నక్షత్రవిద్య వరకు అందులో ఉన్నాయి. నేటి ప్రతిభాపత్రం వంటిదే అది. ఇన్ని చదివినా తన శోకం తీరలేదని ఆయన ఒప్పుకొంటాడు, అందుకే సనత్కుమారుని వద్దకు వచ్చినాడు. మన పిల్లలకు ఆ శోకం చెప్పుకొనే చోటు ఎక్కడున్నది? పరీక్షాఫలితాలు వెలువడిన మరుసటి ఉదయం తెలుగు దినపత్రికను తెరవడానికి మనకు చేతులు వణుకుతాయి. ఒక్క ర్యాంకుతో జీవితం ముగిసినట్లు భావించే పదిహేడేండ్ల బాలునికి, ఆత్మ అనేది మార్కులకు అతీతమైనదని ఏ ప్రవచనకారుడూ సకాలంలో చెప్పలేదు, ఏ అధ్యాపకుడూ చెప్పలేదు. విద్యలో దర్శనానికి స్థానం ఉండవలెనని నేను వాదించడానికి కారణం గతవైభవ గర్వం కాదు, ఈ బాలుడే.

మన దేవాలయాలకు ఈ విషయంలో బాధ్యత లేదని చెప్పలేము. తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలోను, ఢిల్లీలోను కళాశాలలు నడుపుతున్నది. శ్రీవారి భక్తుల కానుకలు దశాబ్దాలుగా విద్యాదానంగా పరిణమిస్తున్నాయి. పీఠాలు, మఠాలు, సత్సంగ మండళ్లు భవనాలకు పునాదిరాళ్లు వేయడమే గాక, సమీపంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదువు మధ్యలో మానబోయే విద్యార్థినికి రెండవ సంవత్సరపు రుసుము చెల్లించవచ్చును. ఆ నిష్క్రమణ ద్వారం ఆమెకు అవసరం లేకుండా చేయవచ్చును. మీలో శాస్త్రపరిచయం గలవారు కళాశాల ప్రధానాచార్యుని కలిసి, భారతీయ జ్ఞానపరంపర పాఠం ఎవరు చెబుతున్నారు, ఏ పుస్తకం నుండి చెబుతున్నారు, ప్రశ్నపత్రం ఎట్లా ఉన్నది అని మర్యాదగా అడగవచ్చును. వారానికి ఒక గంట వచ్చి న్యాయమో, యోగమో, గణితచరిత్రో చెబుతానని ముందుకు రావచ్చును. తిరస్కరిస్తే తిరస్కరించనివ్వండి, వచ్చే సెమిస్టర్‌కు మళ్లీ వెళ్లి అడగండి.